తస్బీ పూస నుంచి పిడుగు దాకా... కరెంటు అంటే అసలేమిటి?

2018 ఏప్రిల్ 24. ఆ రోజు 13 గంటల వ్యవధిలో ఆంధ్రప్రదేశ్‌లో 36,749 పిడుగులు పడినట్టు రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ లెక్కకట్టింది. ఆ పిడుగులకు మనుషులూ బలయ్యారు. దేశం మొత్తం చూస్తే పిడుగుపాటుకు ఏటా 2,000 మందికి పైగా చనిపోతున్నారు. కరెంటు షాక్‌తో చనిపోయేవాళ్లు ఇంకా ఎక్కువ. ఇటీవలి సంవత్సరాల్లో ఆ సంఖ్య ఏటా 10,000 దాటుతోంది.

మొదటిది ఆకాశం నుంచి వచ్చేది, రెండోది గోడ మీది స్విచ్చులో ఉండేది. చూడటానికి వేర్వేరు, కానీ లోపల ఉన్నది ఒకటే. దాన్ని సైన్సు పుస్తకంలో పదో తరగతి పిల్లలు చదువుతారు, పరీక్ష రాస్తారు, మర్చిపోతారు. తిరుపతి, చిత్తూరు వైపు ఇళ్లల్లో, మస్జిదుల్లో, మామిడి తోటల్లో, బోరు మోటార్ల దగ్గర ఆ పాఠం నిజంగా ప్రాణం కాపాడే పాఠం. అందుకే పిల్లలతో పాటు అమ్మీ, అబ్బా, దాదీ కూడా తెలుసుకోవాల్సిన సంగతి ఇది.

పేరులోనే ఉంది సంగతి

అరబ్బీలో కరెంటును 'కహ్రబా' అంటారు. ఆ మాట ఫార్సీ 'కాహ్‌రుబా' నుంచి వచ్చింది. 'కాహ్' అంటే గడ్డిపోచ, 'రుబా' అంటే లాక్కునేది. గడ్డిపోచను తన వైపు లాక్కునే వస్తువు అని అర్థం. ఆ వస్తువు ఏదో కాదు, పాత కాలపు ఖరీదైన తస్బీల్లో కనిపించే పసుపుపచ్చ పూస. చెట్ల జిగురు లక్షల ఏళ్లు భూమిలో గట్టిపడితే తయారయ్యేది. దాన్ని ఉన్ని శాలువా మీద గట్టిగా రుద్ది గడ్డిపోచ దగ్గర పెడితే చటుక్కున లాక్కుంటుంది.

ఇదే వస్తువును గ్రీకులు 'ఎలెక్ట్రాన్' అన్నారు. ఇంగ్లీషులో ఎలక్ట్రిసిటీ అనే మాటకు మూలం అదే. అంటే తూర్పున అరబ్బులూ పడమర యూరపు వాళ్లూ కరెంటుకు పేరు పెట్టింది ఒకే పూసను చూసి.

ఇక మన ఇళ్లల్లో వాడే మాటలు చూడండి. ఉర్దూలో 'బిజిలీ' అంటే కరెంటూ, మెరుపూ కూడా. 'బర్క్' అన్నా మెరుపే. తెలుగులో 'విద్యుత్తు' అంటే కూడా మెరుపు. ఖుర్ఆన్‌లో 13వ సూరాకు 'అర్-రఅద్' అని పేరు, అంటే ఉరుము. పూసలో ఉన్నదీ మెరుపులో ఉన్నదీ ఒకటేనని రుజువు కావడానికి మాత్రం 18వ శతాబ్దం దాకా ఆగాల్సి వచ్చింది. 1752లో అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ గాలిపటం ప్రయోగం చేసింది అందుకే. ఆ ప్రయోగం ఎవరూ చేయకూడదు. ఆ తర్వాత అలాంటి ప్రయత్నమే చేసిన రిఖ్‌మన్ అనే శాస్త్రవేత్త 1753లో రష్యాలో పిడుగు తగిలి చనిపోయాడు.

ఆవేశం: ఒకరి ఖాతాలో తగ్గితే ఇంకొకరి ఖాతాలో పెరుగుతుంది

ఇంట్లో ఆ తస్బీ లేకపోయినా పర్వాలేదు. ప్లాస్టిక్ దువ్వెన చాలు. నూనె పెట్టని పొడి జుట్టు మీద పది పన్నెండు సార్లు గబగబా దువ్వి, చిన్న చిన్న కాగితం ముక్కల మీదికి తెస్తే అవి ఎగిరి దువ్వెనకు అంటుకుంటాయి. ఎండాకాలం పొడి గాలిలో ఇది బాగా పనిచేస్తుంది. వానలు పడే రోజుల్లో పనిచేయదు. గాలిలోని తేమ దువ్వెన మీద పలచని పొరలా పట్టి, చేరిన ఆవేశాన్ని జారిపోనిస్తుంది.

ఏం జరిగిందంటే... ప్రతి వస్తువూ అణువులతో, పరమాణువులతో తయారైంది. పరమాణువు మధ్యలో ప్రోటాన్లు ఉంటాయి, వాటిది ధనావేశం. చుట్టూ ఎలక్ట్రాన్లు ఉంటాయి, వాటిది రుణావేశం. రెండూ సమానంగా ఉన్నంత సేపు బయటికి ఏమీ తెలియదు. దువ్వెనతో రుద్దినప్పుడు ఒక వస్తువు నుంచి కొన్ని ఎలక్ట్రాన్లు ఇంకో వస్తువుకు పోతాయి. పోగొట్టుకున్నది ధనావేశం పొందుతుంది, రాబట్టుకున్నది రుణావేశం పొందుతుంది. ఉర్దూ మీడియం పుస్తకాల్లో దీన్నే 'బర్కీ బార్' అంటారు.

ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటి ఉంది. ఆవేశం కొత్తగా పుట్టలేదు. కిరాణా కొట్టు ఖాతా పుస్తకం లాంటిదే ఇది. ఒకరి ఖాతాలో ఎంత తగ్గిందో ఇంకొకరి ఖాతాలో సరిగ్గా అంతే పెరిగింది. ఆవేశాన్ని సృష్టించలేం, మాయం చేయలేం, ఒక చోట నుంచి ఇంకో చోటికి జరపగలం. ప్లస్, మైనస్ అనే పేర్లు పెట్టింది కూడా ఫ్రాంక్లినే.

ఆవేశాన్ని కొలిచే ప్రమాణం కూలుంబ్. ఒక కూలుంబ్ అంటే సుమారు 62 వేల కోట్ల కోట్ల ఎలక్ట్రాన్ల ఆవేశం. ఒక్కో ఎలక్ట్రాన్ ఎంత చిన్నదో దీన్నిబట్టే తెలుస్తుంది.

బలం: దువ్వెన ముందు భూమి ఓడిపోతుంది

ఒకే రకం ఆవేశాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. వేర్వేరు రకాలు లాక్కుంటాయి. ఎంత బలంతో అన్నది ఫ్రాన్సుకు చెందిన కూలుంబ్ 1785లో సన్నని తీగకు కడ్డీ వేలాడదీసి కొలిచి చూపించాడు. ఆవేశాలు ఎక్కువైతే బలం పెరుగుతుంది. దూరం రెండింతలైతే బలం నాలుగో వంతుకు పడిపోతుంది, మూడింతలైతే తొమ్మిదో వంతుకు. దువ్వెనను దగ్గరికి తెచ్చే దాకా కాగితం కదలకుండా ఉండి, చివర్లో ఒక్కసారిగా ఎగరడానికి కారణం ఇదే.

కాగితానికి ఆవేశం లేదు కదా, మరి ఎందుకు లాక్కుంది? దువ్వెనలో రుణావేశం ఉందనుకుందాం. అది దగ్గరికి రాగానే కాగితంలోని ఎలక్ట్రాన్లు కొంచెం అవతలికి జరుగుతాయి. దువ్వెన వైపు అంచున ధనావేశం పైచేయి అవుతుంది. దగ్గరగా ఉన్న ధనావేశాన్ని లాగే బలం, దూరంగా ఉన్న రుణావేశాన్ని నెట్టే బలం కంటే ఎక్కువ. అందుకని మొత్తం మీద కాగితం దువ్వెన వైపే వస్తుంది.

ఈ బలం ఎంత గట్టిదంటే, కాగితం ముక్కను కిందికి లాగుతున్నది ఇంత పెద్ద భూగోళం. పైకి లాగింది ఐదు రూపాయల దువ్వెన. గెలిచింది దువ్వెన! ఒక కూలుంబ్ ఆవేశాన్ని ఒక చోట, ఇంకో కూలుంబ్‌ను మీటరు దూరంలో పెట్టగలిగితే, వాటి మధ్య బలం సుమారు 900 కోట్ల న్యూటన్లు. అంటే 9 లక్షల టన్నుల బరువుతో సమానం. అంత ఆవేశాన్ని విడదీసి ఒక చోట నిలిపి ఉంచడం మామూలు వస్తువులతో కుదరని పని. కానీ మబ్బు ఇంతకంటే ఎక్కువ ఆవేశాన్నే కిలోమీటర్ల మేర విడదీసి పెడుతుంది.

మబ్బులో దువ్వెన ఎవరు?

ఏప్రిల్, మే నెలల్లో రాయలసీమ నేల పెనంలా కాగుతుంది. బంగాళాఖాతం నుంచి తేమ గాలి వస్తుంది. వేడెక్కిన తేమ గాలి సర్రున పైకి లేచి, పది కిలోమీటర్లు దాటి కూడా పెరిగే నల్లటి మబ్బు అవుతుంది. అంత ఎత్తులో గడ్డకట్టే చలి. అక్కడ సన్నని మంచు పలుకులూ, మెత్తటి వడగళ్ల లాంటి బరువైన మంచు గుళ్లూ ఒకదానికొకటి రాసుకుంటాయి. జుట్టూ దువ్వెనా రాసుకున్నట్టే. తేలికైన మంచు పలుకులు ఎక్కువగా ధనావేశంతో పైకి పోతాయి. బరువైనవి రుణావేశంతో కింద ఉండిపోతాయి. మబ్బు అడుగున రుణావేశం పోగవుతుంటే, దాని కింద ఉన్న నేల మీద ధనావేశం చేరుతుంది. కాగితం ముక్కలో జరిగిందే పెద్ద ఎత్తున జరుగుతుంది.

గాలి మామూలుగా కరెంటును పోనివ్వదు. దానికీ ఒక హద్దు ఉంది. పొడి గాలిలో సెంటీమీటరుకు దాదాపు 30,000 ఓల్టుల ఒత్తిడి పడితే అది తెగిపోతుంది, దారి ఇచ్చేస్తుంది. మబ్బులో వాన చుక్కలు, మంచు ఉండడం వల్ల అంతకంటే తక్కువకే మొదలవుతుంది. అప్పుడు పడేదే పిడుగు. సుమారు 30,000 ఆంపియర్ల కరెంటు కన్నుమూసి తెరిచేంతలో దూసుకుపోతుంది. ఆ దారిలో గాలి దాదాపు 30,000 డిగ్రీల సెల్సియస్‌కు వేడెక్కుతుంది. సూర్యుడి ఉపరితలం కంటే ఇది ఐదు రెట్లు వేడి. గాలి అంత వేగంగా ఉబ్బడం వల్ల వచ్చే చప్పుడే ఉరుము.

ఈ మబ్బుల మీద, వాటి పైనున్న గాలి పొరల మీద పరిశోధన చేసే పెద్ద కేంద్రం మన దగ్గరే ఉంది. తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే దారిలో గాదంకి దగ్గర ఉన్న జాతీయ వాతావరణ పరిశోధనా ప్రయోగశాల అది. కేంద్ర అంతరిక్ష శాఖ కింద పనిచేస్తుంది. అక్కడి ఎం.ఎస్.టి. రాడార్‌లో 1,024 యాంటెన్నాలు మైదానంలో వరుసలుగా నిలబడి ఉంటాయి. అది పనిచేసేది 53 మెగాహెర్ట్జ్ మీద. అంటే ఆ యాంటెన్నాల లోహంలో ఎలక్ట్రాన్లు సెకనుకు 5 కోట్ల 30 లక్షల సార్లు అటూ ఇటూ ఊగుతాయి. ఆవేశం అలా ఊగినప్పుడు రేడియో తరంగాలు పుడతాయి. అవి పైకి వెళ్లి, గాలి అలజడికి తగిలి తిరిగి వచ్చే కొంచెం సంకేతాన్ని బట్టి ఎంత ఎత్తులో గాలి ఎటు వీస్తోందో లెక్కకడతారు. దువ్వెన, పిడుగు, రాడార్... మూడింటి వెనకా ఉన్నది ఆవేశమే.

ప్రవాహం: మిద్దె మీద ట్యాంకు లెక్క

ఆవేశం ఒక చోట కదలకుండా ఉంటే స్థిర విద్యుత్తు. కదిలితే కరెంటు. ఉర్దూలో 'బర్కీ రౌ'. ఒక చోట నుంచి సెకనుకు ఒక కూలుంబ్ దాటితే అది ఒక ఆంపియర్.

మిద్దె మీది నీళ్ల ట్యాంకును ఊహించుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ట్యాంకు ఎంత ఎత్తులో ఉంటే కొళాయిలో అంత తోపు ఉంటుంది. కరెంటులో ఆ తోపే ఓల్టేజీ. పైపులో సెకనుకు పారే నీరు ఎంతో, అదే ఆంపియర్ల లెక్క. పైపు సన్నగా ఉంటే, తుప్పు పట్టి ఉంటే నీరు తక్కువ వస్తుంది, ఆ అడ్డంకే నిరోధం, ఉర్దూలో 'మజాహమత్'. దాన్ని ఓమ్‌లలో కొలుస్తారు. జర్మనీకి చెందిన ఓమ్ 1827లో ఈ మూడింటినీ కలిపి ఒక లెక్క చెప్పాడు. ఓల్టేజీని నిరోధంతో భాగిస్తే కరెంటు ఎంతో వస్తుంది. అంతే. ఈ ఒక్క భాగహారం కింద చాలా అవసరమవుతుంది.

మన ఇళ్లకు వచ్చేది 230 ఓల్టులు. 9 వాట్ల ఎల్ఈడీ బల్బు తీసుకునేది దాదాపు 0.04 ఆంపియర్. 75 వాట్ల ఫ్యాను మూడో వంతు ఆంపియర్. 1,000 వాట్ల ఇస్త్రీపెట్టె 4 ఆంపియర్ల పైచిలుకు. 2,000 వాట్ల గీజర్ దాదాపు 9 ఆంపియర్లు. ఆ గీజర్ అరగంట వేస్తే ఒక యూనిట్ అయిపోతుంది.

స్విచ్చు వేయగానే బల్బు వెలుగుతుంది కాబట్టి ఎలక్ట్రాన్లు మెరుపు వేగంతో పరిగెత్తుతాయని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఇంటి రాగి తీగలో ఎలక్ట్రాన్లు జరిగే వేగం సెకనుకు మిల్లీమీటరులో కొంత భాగమే. చీమ కంటే నెమ్మది. పైగా ఇంటి కరెంటులో అవి సెకనుకు 50 సార్లు ముందుకూ వెనక్కూ ఊగుతూ ఉంటాయి తప్ప ఎక్కడికీ పోవు. మరి బల్బు వెంటనే ఎలా వెలిగింది? పైపు నిండా నీళ్లుంటే ట్యాంకు దగ్గరి తోపు కొళాయి దగ్గర వెంటనే తెలుస్తుంది కదా, అలాగే. తీగ నిండా ముందే ఎలక్ట్రాన్లున్నాయి. పరిగెత్తేది వాటిని నెట్టే తోపు.

ఇక ఇన్వర్టర్ సంగతి. తిరుపతి దగ్గర కరకంబాడిలో అమరరాజా సంస్థ తయారుచేసే బ్యాటరీలు దేశమంతా వెళ్తాయి. ఆ సంస్థ మొదలైంది 1985లో. మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీలో ఒక్కో గది సుమారు 2 ఓల్టులు ఇస్తుంది, ఆరు గదులు కలిస్తే 12 ఓల్టులు. బ్యాటరీ మీద 150 ఆంపియర్ అవర్ అని ఉంటే, అది మొత్తం మీద 5,40,000 కూలుంబ్‌ల ఆవేశాన్ని తీగల్లో తిప్పగలదని అర్థం. ఒక పిడుగు దించేది మామూలుగా పదో ఇరవయ్యో కూలుంబ్‌లు. మరి బ్యాటరీ పక్కన జనం నిశ్చింతగా ఉంటారు, పిడుగంటే వణుకుతారు, ఎందుకు? బ్యాటరీ ఆ ఆవేశాన్ని కొద్దిపాటి తోపుతో గంటల తరబడి నిదానంగా తిప్పుతుంది. పిడుగు కోట్ల ఓల్టుల తోపుతో క్షణంలో దించేస్తుంది. ఎంత ఆవేశం అన్నదొక్కటే కాదు, ఎంత తోపుతో, ఎంత వేగంగా అన్నదే అసలు సంగతి.

మనిషి ఒంట్లో ఎంత దాటితే ప్రాణాపాయం?

ఒంట్లో గుండె కొట్టుకునేది కూడా చిన్న విద్యుత్ సంకేతాలతోనే. బయటి కరెంటు ఛాతీ గుండా పోతే ఆ తాళం తప్పుతుంది. ఆంపియర్‌లో వెయ్యో వంతును మిల్లీ ఆంపియర్ అంటారు. ఒక మిల్లీ ఆంపియర్ దగ్గర చిమచిమ తెలుస్తుంది. 10 దాటేసరికి చేతి కండరాలు బిగుసుకుపోయి పట్టుకున్న తీగను వదలలేరు. 'కరెంటు పట్టేసుకుంది' అని మనవాళ్లు అనేది ఇదే. నిజానికి తీగ పట్టుకోలేదు, చెయ్యే వదలలేకపోయింది. 30 దాటి కాసేపు ఉంటే ఊపిరికీ గుండెకూ ముప్పు. 50, 100 దగ్గరికి వస్తే గుండె లయ తప్పి ఆగిపోవచ్చు.

పైన చెప్పిన 9 వాట్ల బల్బును మళ్లీ చూడండి. అది తీసుకునేది దాదాపు 40 మిల్లీ ఆంపియర్లు. అంటే ఒక చిన్న బల్బును వెలిగించే కరెంటు మనిషి దీపాన్ని ఆర్పేయగలదు.

ఇప్పుడు ఓమ్ లెక్క వేద్దాం. పొడి చర్మం నిరోధం లక్ష ఓమ్‌ల దాకా ఉండొచ్చు. 230ని లక్షతో భాగిస్తే 2.3 మిల్లీ ఆంపియర్లు. ఉలిక్కిపడి చెయ్యి లాగేసుకుంటారు. అదే చెయ్యి తడిగా ఉంటే నిరోధం వెయ్యి ఓమ్‌లకు పడిపోవచ్చు. 230ని వెయ్యితో భాగిస్తే 230 మిల్లీ ఆంపియర్లు. ఇల్లు అదే, స్విచ్చు అదే, ఓల్టేజీ అదే. తేడా ఒక్క తడి. శుద్ధమైన నీటిలో కరెంటు సరిగా పోదు గానీ బోరు నీళ్లలో లవణాలు ఉంటాయి, చెమటలో ఉప్పు ఉంటుంది. అవే దారి ఇస్తాయి.

వజూ ఖానా దగ్గర ఆగి చూడండి

ఈ లెక్క ప్రకారం చూస్తే మస్జిదులో అన్నింటికంటే జాగ్రత్త అవసరమైన చోటు వజూ ఖానా. కాళ్లకు చెప్పులు ఉండవు, నేల తడి, చేతులు తడి, పక్కనే మోటారు స్విచ్చు. పిల్లలూ ముసలివాళ్లూ రోజుకు ఐదు పూటలు అక్కడికి వస్తారు. ఇంట్లో బాత్రూమ్ గీజర్, బట్టలుతికే మిషను, పెరట్లో మోటారు కూడా అదే కోవలోకి వస్తాయి.

మోటారు లోపలి తీగచుట్ట మీద పూత పాడైతే కరెంటు దాని ఇనుప ఒంటికి వస్తుంది. ఎర్తింగ్ సరిగా ఉంటే ఆ కరెంటుకు భూమిలోకి సులువైన దారి దొరుకుతుంది, ఒక్కసారిగా ఎక్కువ ఆంపియర్లు పోయి ఫ్యూజు ఎగిరిపోతుంది, సప్లై ఆగిపోతుంది. ఎర్తింగ్ లేకపోతే ఆ ఇనుము అలా కరెంటుతో ఎదురుచూస్తూ ఉంటుంది. తడి కాళ్లతో వచ్చి మొదట ముట్టుకున్న మనిషే దానికి ఎర్తింగ్ అవుతాడు. మూడు పిన్నుల ప్లగ్గులో పెద్ద పిన్ను ఉన్నది ఎర్తింగ్ కోసమే. మిగతా రెండింటి కంటే పొడుగ్గా చేసింది అది ముందు తగిలి, చివర ఊడాలని. రెండు పిన్నుల ప్లగ్గు మార్చి, వైరు ముక్కలు అగ్గిపుల్లలతో సాకెట్లో గుచ్చే అలవాటు ఆ రక్షణనే పీకేస్తుంది.

'మా ఇంట్లో ఎంసీబీ ఉంది కదా' అనే మాట తరచూ వినిపిస్తుంది. ఎంసీబీ కాపాడేది తీగలను. 16 ఆంపియర్ల ఎంసీబీ ఆ హద్దు దాటితేనే పడిపోతుంది. మనిషి ఒంట్లో పావు ఆంపియర్ పోతుంటే దానికి తెలియనే తెలియదు. మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. లోపలికి వెళ్లిన కరెంటూ తిరిగి వచ్చిన కరెంటూ సమానమా కాదా అని అది చూస్తుంటుంది. 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే, ఎక్కడో మనిషి గుండానో తడి గోడ గుండానో కారిపోతోందని, సెకనులో చిన్న భాగంలో సప్లై కట్ చేస్తుంది. ఖాతా పుస్తకం లెక్క ఇక్కడ మళ్లీ వచ్చింది. ఆవేశం మాయం కాదు. తిరిగి రాలేదంటే ఎక్కడికో పోయినట్టే. దాని మీద ఉన్న టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కి చూడాలి.

రంజాన్ ముందు మస్జిదుకు సున్నం వేయించి, సీరియల్ లైట్లు కట్టించే కమిటీలు ఎన్నో ఉన్నాయి. అదే వారం ఒక లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ పరీక్ష చేయిస్తే, స్విచ్చులను తడి తగలని ఎత్తుకు, పొడి గోడకు మార్పిస్తే అదీ నమాజీలకు చేసే ఖిద్మతే.

జెండా కర్రలు, పొలం కంచెలు

మీలాద్ జులూసుల్లో, ఉర్సులకు కట్టే జెండాలకు ఇనుప పైపులు వాడటం మామూలైపోయింది. వీధుల మీదుగా పోయే 11 కేవీ లైను అంటే 11,000 ఓల్టులు. ఇంటి కరెంటుకు దాదాపు 48 రెట్లు. ఇక్కడ పొడి చర్మం కూడా కాపాడలేదు. గాలికి ఊగే పైపు కొన, తడిసిన గుడ్డ ఆ తీగకు ఆనుకున్నా, మరీ దగ్గరికి వెళ్లినా చాలు. పొడుగు పైపులు మోయకూడదు, వాహనాల మీద నిలువుగా కట్టకూడదు, లైను కింద నిచ్చెనలు లేపకూడదు. పొట్టి వెదురు కర్ర మేలు, అదీ తడవనంత వరకే.

మరి కాకి అదే తీగ మీద హాయిగా కూర్చుంటుంది కదా? దాని రెండు కాళ్లూ ఒకే తీగ మీద, ఒకే ఓల్టేజీ దగ్గర ఉంటాయి. తేడా లేదు కాబట్టి తోపు లేదు, కాకి గుండా కరెంటు పోదు. రెండు ట్యాంకులూ ఒకే ఎత్తులో ఉంటే వాటి మధ్య పైపులో నీరు పారదు కదా, అట్లా. పైపు పట్టుకున్న మనిషి ఒక కొన తీగకు, ఇంకో కొన భూమికి తగిలి ఉంటాడు. తేడా మొత్తం 11,000 ఓల్టులు అతని ఒంటి మీదే పడుతుంది.

పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అభయారణ్యం అంచు పొలాల్లో ఏనుగులు, అడవి పందుల భయం ఉంది. సోలార్ కంచె సెకనుకు ఒకసారి, సెకనులో వెయ్యో వంతు కంటే తక్కువ సేపు మాత్రమే కరెంటు పంపుతుంది. వేల ఓల్టులు ఉన్నా వెళ్లే ఆవేశం చాలా తక్కువ. జంతువు బెదిరి వెనక్కి పోతుంది, చావదు. కానీ లైను నుంచి నేరుగా తీగ లాగి కంచెకు తగిలిస్తే అది ఆగకుండా పారే కరెంటు. పట్టుకున్నది వదలదు. ఏనుగుకైనా, చీకట్లో మోటారు వేయడానికి వచ్చిన పక్క పొలం రైతుకైనా, ఇంటి పిల్లాడికైనా అది ఒకటే. అది చట్టప్రకారం నేరం కూడా.

ఉరిమినప్పుడు ఏం చేయాలి?

మెరుపు కనబడ్డాక ఉరుము వినబడే దాకా అంకెలు లెక్కపెట్టాలి. ధ్వని కిలోమీటరు పోవడానికి సుమారు మూడు సెకన్లు పడుతుంది. 30 లోపు వినబడితే పిడుగు పది కిలోమీటర్ల లోపే పడిందని అర్థం, వెంటనే పక్కా భవనం లోపలికి పోవాలి. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రాకూడదు. పుణేలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ తెచ్చిన 'దామిని' యాప్ దగ్గర్లో పిడుగు ముప్పు ఉందో లేదో చెబుతుంది.

మామిడి చెట్టు కింద నిలబడటం పెద్ద తప్పు. ఎత్తైన చెట్టును పిడుగు వెతుక్కుంటుంది. చెట్టు నుంచి పక్కనున్న మనిషి మీదికి దూకుతుంది. వేర్ల చుట్టూ నేలలో కూడా పారుతుంది. అలా పారేటప్పుడు నేల మీద ఒక్కో చోట ఒక్కో ఓల్టేజీ ఉంటుంది. రెండు కాళ్లు దూరంగా ఉంటే ఒక కాలి నుంచి ఇంకో కాలికి కరెంటు ఎక్కుతుంది. ఒకే పిడుగుకు చెట్టు కింద నాలుగైదు ఆవులు కలిసి చనిపోవడానికి కారణం అదే. ఆవు ముందు కాళ్లకూ వెనక కాళ్లకూ మధ్య ఎడం ఎక్కువ, ఆ దారిలోనే గుండె ఉంటుంది. ఎక్కడా చోటు దొరక్క బయలులో చిక్కుకుంటే రెండు పాదాలూ దగ్గరికి చేర్చి గొంతు కూర్చోవాలి. నేల మీద పడుకోకూడదు.

పిడుగు తగిలిన మనిషి ఒంట్లో కరెంటు మిగిలి ఉండదు, వెంటనే ముట్టుకోవచ్చు. పేడలో, మట్టిలో పూడ్చడం లాంటివి చేసి సమయం పోగొట్టకూడదు. ఊపిరి లేకపోతే ఛాతీ నడుమ గట్టిగా, వేగంగా నొక్కుతూ 108కి ఫోన్ చేయాలి. తీగ తగిలి పడిపోయిన మనిషి విషయం వేరు. సప్లై ఆపే దాకా అతన్ని ముట్టుకోకూడదు. మెయిన్ ఆపాలి. కుదరకపోతే పొడి చెక్క మీద నిలబడి పొడి కర్రతో తీగను పక్కకు నెట్టాలి. అది ఇంటి కరెంటుకు మాత్రమే. 11 కేవీ లైను తెగిపడితే కర్రతో కూడా దగ్గరికి పోకూడదు. 1912కు ఫోన్ చేసి, అందరినీ దూరంగా ఆపాలి. మన ప్రాంతానికి కరెంటు ఇచ్చే ఏపీఎస్పీడీసీఎల్ ప్రధాన కార్యాలయం తిరుపతిలోనే ఉంది.

ఉరిమితే మన ఇళ్లల్లో పెద్దవాళ్లు దుఆ చదువుతారు. పక్కింటి పెద్దమ్మ అర్జునుడి పేర్లు తలుస్తుంది. ఎవరు ఏది చదివినా చెట్టు కింద కాకుండా ఇంటి లోపల చదవాలి. ముందు ఒంటెను కట్టేసి ఆ తర్వాత తవక్కుల్ చేయమన్న బోధ అందరికీ తెలిసిందే. ఎర్తింగ్ తీగ బిగించడం, ఆర్‌సీసీబీ పెట్టించడం, తడి చెయ్యి తుడుచుకుని స్విచ్చు వేయడం... ఈ కాలంలో ఒంటెను కట్టేయడమంటే ఇదే.

ఈ రోజు ఇంట్లో పిల్లలతో దువ్వెన ప్రయోగం చేయించండి. కాగితం ఎగరగానే వాళ్లు నవ్వుతారు. ఆ నవ్వు అయ్యాక, పెరట్లో మోటారుకు ఎర్తింగ్ తీగ ఉందో లేదో వాళ్లతో కలిసి వెళ్లి చూడండి. చూడటమే, ముట్టుకోవడం ఎలక్ట్రీషియన్ పని.